పాపకు కాపలా

కిటికీలు రెండూ వేసి, తలుపు కింది సందులో పాత చీర కుక్కి, మనోరమ మంచం మీద చతికిలబడింది. ఇరవై రోజులుగా ఆమె పని ఇదే. చిక్కడపల్లిలోని ఆ మూడు గదుల ఇంట్లో, మూడేళ్ళ మనవరాలు తన్మయికి టీబీ సోకకుండా చూడడం.

హాలుకు అవతలి గదిలో అనుదీప్ దగ్గుతున్నాడు. మనోరమ కూతురి కొడుకు. గ్రూప్స్ కోచింగ్ కోసం కరీంనగర్ నుంచి వచ్చాడు. ఏడాదిగా అమ్మమ్మ గదిలోనే, ఆమె మంచం పక్కన పరుపు వేసుకుని పడుకునేవాడు. కిందటి నెల దగ్గుతుంటే రక్తం పడింది. కోడలు మాధురి వెంటనే వాణ్ణి ఆ గదిలోకి మార్చి, తన్మయిని తెచ్చి అత్తగారికి అప్పజెప్పింది.

"పాప మీ దగ్గర్నే ఉండనీ అత్తమ్మా. బయటికి రానియ్యకుండ్రి."

"నేనున్న గద. నువ్వు పరేషాన్ గాకు."

అనడం అన్నదే గానీ, నాలుగు గోడల మధ్య మనోరమకు ఊపిరాడడం లేదు. జబ్బు వాడిది, జైలు తనది. రాంనగర్ మార్కెట్‌కు నడిచి వెళ్ళొచ్చే మనిషి, ఇప్పుడు బాత్రూం దాకా పోయొచ్చినా ఆయాసపడుతోంది. కదలకుండా కూర్చుంటే కాకేమవుతుంది? ఆకలీ చచ్చింది. కంచంలో సగం పాపకే పెట్టేస్తోంది. ఒకప్పుడు సబ్బు రాస్తే గానీ ఎక్కని గాజులు, చెయ్యి దించితే చాలు జారి పాప ఒళ్ళో పడుతున్నాయి. పాపకు అదో ఆట. డెబ్బై నాలుగేళ్ళొచ్చాక ఒళ్ళు ఇంకేం నిలుస్తుందిలే అనుకుంది.

"కిటికీ తియ్యి నానమ్మా, బస్సులు చూస్త."

"వద్దు బిడ్డా. బావ గాలి వస్తది."

అవతల మళ్ళీ దగ్గు. మనోరమకు కోపం ఆగలేదు. కూర్చున్న చోటి నుంచే కేకేసింది.

"ఆ అశోక్ నగర్ రీడింగ్ హాల్ల గంతమంది నడుమ కూసోకురా అంటే విన్నవా? ఇంటికి మోసుకొచ్చినవ్."

"తప్పయింది అమ్మమ్మా. హాస్టల్‌కు పోతనంటే మామయ్య పోనిస్తలేడు."

ఆ గొంతు విని ఆమె లేచి గడియ మీద చెయ్యి వేసింది. అయినా తలుపు తియ్యలేదు.

వారం కింద టీబీ ఆఫీసు నుంచి చంద్రిక వచ్చి, ఇంట్లో అందరికీ ఎక్స్‌రేలు తీయించింది. పెద్దవాళ్ళకు తెమడ పరీక్ష కూడా అంది. "దగ్గే లేనిదాన్ని, తెమడ యాడికెల్లి తేవాలె?" అని గొణుగుతూనే మనోరమ డబ్బాలో ఉమ్మి ఇచ్చింది.

ఇవాళ ఆ చంద్రికే రిపోర్టులు పట్టుకుని వచ్చింది. తలుపు తీసి గడపలో నిలబడ్డ మాధురి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పాపకు వచ్చిందా?"

"లేదక్కా. పాప ఎక్స్‌రే మంచిగుంది. నీది, మీ ఆయనది గూడ."

మనోరమ కళ్ళు తుడుచుకుని పాపను గుండెకు హత్తుకుంది. ఇన్నాళ్ళు పడ్డ కష్టం ఊరికే పోలేదు.

చంద్రిక మనోరమ గదిలోకి వచ్చి ముందు కిటికీలు రెండూ బార్లా తెరిచింది. తర్వాత మంచం దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపింది.

"పాపను నాకియ్యి పెద్దమ్మా, నీ వయసుల టీబీ దగ్గు లేకుంటనే వస్తది, అనుదీప్‌కు అంటింది గూడ ఈ గదిలనే."