రెప్పలున్నది

రాళ్ళగోడ మీద దాదాపు మూడు మూరల పొడుగున పడుకుని ఉందది. మణికట్టంత లావు. వేయించిన కాఫీ గింజల రంగు.

గోడ కింద నీడలో బుట్ట. బుట్టలో ఎనిమిది నెలల రోకో నిద్రపోతున్నాడు.

పెరీనా పార ఎత్తింది.

"ఆగవే! దించు!"

పై మడి నుంచి అత్త స్తానా కేక. ద్రాక్షతీగలు కట్టడానికి పళ్ళ మధ్య పట్టుకున్న నారను ఊసేసి మరీ అరిచింది.

"పామత్తా! పిల్లాడి పక్కనే!"

"నా మొహం పాము! బ్లావోర్ అది. బల్లి జాతి."

"మరి కాళ్ళేవీ?"

"దేవుణ్ణడుగు, నన్నడుగుతావేం? కళ్ళు చూడవే ముందు."

పెరీనా చూసింది. పార ఇంకా తలపైనే ఉంది.

అది కన్నార్పింది.

మధ్యాహ్నం కునుకు తీసే ముసలాయనలా, నిదానంగా, ఒకసారి రెప్ప వాల్చి ఎత్తింది.

పాముకు రెప్పలుండవు. ఆ సంగతి పెరీనాకూ తెలుసు.

పార కిందికి దిగింది.

ఆమె పుట్టిన దీవిలో విషప్పాములు లేవు. అక్కడి తల్లులు పిల్లల్ని గోడ నీడన పడుకోబెట్టి పనిలోకి దిగుతారు. ఈ బియోకోవో కొండ కింద మాత్రం బుట్టకు తాడు కట్టి బాదం కొమ్మకు వేలాడదీస్తారు. పొద్దున స్తానా తన చేత్తోనే కట్టింది.

కొమ్మ విరిగితే? తాడు తెగితే?

అత్త అటు తిరగ్గానే పెరీనా బుట్ట దించేసింది.

స్తానా రాతిమెట్లు దిగి వస్తూ ఇప్పుడు చూసింది దాన్ని. "బుట్ట నేల మీదెందుకుందే?"

జవాబు చెప్పేలోపే బ్లావోర్ కదిలింది. గోడ దిగి, తిన్నగా బుట్ట వైపు.

పెరీనా ఉరకబోయింది. స్తానా ఆమె చెయ్యి పట్టుకుంది. ఉడుంపట్టు.

"కదలకు. అది ఉత్తినే పోదు. దేన్నో చూసి పోతోంది."

అప్పుడు కనబడింది.

బుట్ట మీంచి వేలాడుతున్న దుప్పటి అంచు కింద, బూడిదరంగు చుట్ట. వీపు పొడుగునా వంకర గీత. ముక్కు మీద చిన్న కొమ్ము.

పోస్కోక్. కాటేస్తే పెద్దవాళ్ళనే పడగొట్టే కొమ్ముపాము.

రోకో చెయ్యి బుట్ట అంచు మీదుగా కిందికి వేలాడుతోంది. నిద్రలోనే వేళ్ళు కదిలించాడు.

పాము తల ఆ వేళ్ళ వైపు తిరిగింది.

"అత్తా..."

"ఊపిరి కూడా గట్టిగా వదలకు."

బిడ్డ తుమ్మితే లేచేది పెరీనా. తుమ్మకపోయినా, ఎందుకు తుమ్మలేదా అని లేచేది. అలాంటి మనిషి కొయ్యబొమ్మలా నిలబడింది.

బ్లావోర్ తొందరపడలేదు. నాలుక చాపి గాలిని రుచి చూసింది.

మరుక్షణం దుప్పటి అంచు ఎగిరిపడింది. పాము మెడ దాని నోట్లో ఉంది.

పాము మెలికలు తిరిగింది. దాని ఒంటిని చుట్టేసి బిగించింది. బ్లావోర్ వదల్లేదు. జానెడు లాగింది. మూరెడు లాగింది. బుట్ట నీడ దాటించి ఎండలోకి ఈడ్చింది. అక్కడ, తడిబట్టను పిండినట్టు, పామును పట్టుకుని తనే గిరగిరా పొర్లింది.

రాళ్ళ మీద ఎముకలు నలిగిన చప్పుడు.

ఎండలో దాని ఒళ్ళు తోమిన రాగిబిందెలా ధగధగలాడింది.

పెరీనా ఎప్పుడు పరుగెత్తిందో ఆమెకే తెలియదు. రోకో చంకలో ఉన్నాడు, కళ్ళు నులుముకుంటూ. వాడి వేళ్ళన్నీ ఒక్కొక్కటే తడిమి చూసింది. మళ్ళీ తడిమింది.

ఇంటికి పరుగెత్తాలి. కాళ్ళు కదలనంటున్నాయి. పూజ వేళ చర్చిలో కూడా ఆమె ఇంత నిశ్శబ్దంగా నిలబడి ఎరగదు.

దేవుడు దానికి కాళ్ళివ్వలేదు. విషమివ్వలేదు. అది మాత్రం మృత్యువును పట్టి తల వైపు నుంచి మింగుతోంది.

స్తానా గుండెల మీద శిలువ గీసుకుని రాయి మీద కూలబడింది.

"మా మామగారు అనేవారు," అంది స్తానా, "బ్లావోర్ తిరిగే పొలానికి కాపలా కుక్క దండగని. నత్తల్ని తింటుంది, ఎలకల్ని తింటుంది, వీటినీ తింటుంది. మొరగదు, కూడడగదు."

పెరీనా బిడ్డను ఇంకా దగ్గరికి అదుముకుంది.

"ఈ సాలు రేపు తవ్వుదాంలే. తింటోంది కదా, పక్కన పార చప్పుడెందుకు."

పాము తోక ఇంకా దాని నోటి బయట ఊగుతోంది.

స్తానా గోడ ఈ చివర నుంచి ఆ చివరి దాకా వెతుకుతున్నట్టు చూసింది.

"మన పొలంలో ఇవి రెండుండేవే. నీ మొగుడు నడక నేర్చినప్పటి నుంచీ చూస్తున్నా. ఈ ఏడు రెండోదాని జాడ లేదు. నీకెక్కడైనా కనబడిందా?"

రోకో నవ్వుతూ తల్లి జుట్టు పట్టి లాగాడు.

ఈస్టరుకు ముందు ఒకరోజు, పామనుకుని కొట్టినదాన్ని ఎవరూ చూడకుండా తను గుంట తీసి పూడ్చిన చోటు, నీటితొట్టి పక్కన, సరిగ్గా వెనకే ఉంది.

పెరీనా అటు తిరగలేదు.