ముగ్గు గీతల ఆస్పత్రి

"ఆ గీతలు చెరిపేయండి డాక్టరుగారూ. బెల్లం బళ్ళు వచ్చేసేయి," అన్నాడు కన్నబాబు, తన పాత బెల్లం కొట్టు అరుగు మీద నిలబడి.

డాక్టరు నూకరాజు గబగబా అరుగెక్కాడు. ఆ కొట్టుని ఆస్పత్రి చేద్దామని నిన్ననే నేల మీద ముగ్గుపిండితో గోడలు గీసుకున్నాడు. ముందు మందులిచ్చే గది, పక్కన రోగుల్ని చూసే గది, వెనకాల కాన్పుల గది. సిమెంటు కంట్రోల్లో ఉంది, పర్మిట్ లేనిదే దొరకదు; సున్నంతోనే కట్టేస్తానని మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు. తీరా చూస్తే పెద్దమనిషి మాట మార్చడానికి ఒక్క పూట చాలింది.

"మాటిచ్చేరు కదండీ."

"ఇచ్చేను, కాదన్లేదు. ఎల్లాజీ షావుకారు సరుకు పెట్టుకోడానికి రెండేళ్ళకి అద్దెకి కావాలంటన్నాడు. మీరు ఇంకెక్కడైనా చూసుకోండి."

"ఊరంతా తిరిగేనండీ. కాన్పు కష్టమైతే పూడిమడక నించి, దేవరాపల్లి నించి మంచం మీద మోసుకొస్తన్నారు. ఇక్కడ చోటు లేక విశాఖపట్నం రైలెక్కిస్తే దారిలోనే పోతన్నారు."

కన్నబాబు మొహం తిప్పుకున్నాడు. డాక్టరు అరుగు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నాడు. అతనికి కోపమొస్తోంది, ఏడుపూ వస్తోంది. బళ్ళ వెంట వచ్చిన ఎల్లాజీ షావుకారు మొదటి బెల్లం దిమ్మ దింపించాడు.

అప్పుడే లోపల్నుంచి మంత్రసాని అప్పలకొండమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆగండి బాబూ. లోన పురుడొచ్చింది."

"ఎవరికి?" కన్నబాబు రెండడుగులు వెనక్కేశాడు.

"దేవరాపల్లి పిల్ల. టేసనుకెల్తంటే దార్లో నొప్పులొచ్చేసేయి. తలుపులు తీసున్నాయని ఈడికే తెచ్చేను. ఆడపిల్ల."

షావుకారు దింపిన దిమ్మని మళ్ళీ బండెక్కించాడు.

"దేవుడి నైవేద్యానికెళ్ళే సరుకు. పురుడొచ్చిన కొట్లో పెట్టేనంటే మార్కెట్లో ఎవడు ముట్టుకుంటాడు? నాకొద్దు బావా."

బళ్ళు మళ్ళాయి. కన్నబాబు తల పట్టుకున్నాడు.

"ఇంక దీన్లో ఎవడూ బెల్లం పెట్టడు. మీ ఆస్పత్రేదో మీరే పెట్టుకోండి," అని విసవిసా వెళ్ళిపోయాడు.

నూకరాజు మందుల సంచీ పట్టుకుని కొట్టు వెనక భాగానికి పరిగెత్తాడు. బొడ్డు దేంతో కోసిందో, నెత్తురు ఆగిందో లేదో. కాన్పుల గదికి గీసిన గీతలు చెక్కుచెదరలేదు. అక్కడ తల్లీ లేదు, బిడ్డా లేదు.

"ఏదీ బాలింత?"

"ఎవలూ లేరు బాబూ. అబద్దవాడేను."

"ఎంత పని చేశావు అప్పలకొండమ్మా. కన్నబాబుకి తెలిస్తే నిన్ను ఊళ్ళో బతకనిస్తాడా? అసలిలా చెప్పమని నీకెవరు చెప్పారు?"

"కన్నబాబుగారి ఇల్లాలే బాబూ. కోడలికి తొమ్మిదో నెల, బిడ్డ అడ్డం తిరిగుందని నిన్న నానే సూసి సెప్పేను."