పెట్టెలో తప్పు లేదు

"పెట్టెదే తప్పని తేల్చు రుద్రేశప్పా. నీకు దండం పెడతా," అంది బిందుశ్రీ.

రుద్రేశ్ ఆ రేడియో ఆంప్లిఫయరు పెట్టె మూత మరలు విప్పుతున్నాడు. గాజు ట్యూబులున్న పాతకాలం సరుకు అది. బిందుశ్రీ మొగుడు మాణిక్యం దాన్ని బెంగళూరు పాతసామాన్ల గుజిరీలో కొని, దానికీ ఒక సీటు పట్టి, బస్సులో హచ్చొళ్ళికి తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున దూరాల మనుషులతో మాట్లాడే హ్యామ్ రేడియో ముందు కూర్చుంటే ఆయనకు అన్నం గుర్తుండేది కాదు. ఏరు పొంగి కెంచనగుడ్డ దారి మునిగినప్పుడు కబుర్లు చేరవేసింది ఈ పెట్టే. పోయిన నెల దీన్ని బాగుచేద్దామని లోపల చెయ్యి పెట్టి, కరెంటు కొట్టి, ఉన్నచోటే పోయాడు మాణిక్యం.

ఆ పూట ఇంట్లో ఉన్నది పెళ్ళాం ఒక్కతే. ప్లగ్గు పీకే ఉండిందని ఆమె మొత్తుకుంటుంది. పీకిన పెట్టె మనిషిని ఎట్లా కొడుతుందని అత్త నాగలక్ష్మమ్మ అడుగుతుంది. కోడలే చూసుకోకుండా స్విచ్చి వేసిందట. మొగుడు పడ్డాక గబగబా ప్లగ్గు పీకిందట. ఊరు కూడా అదే పాట ఎత్తుకుంది. ఎత్తుకోక ఏం చేస్తుంది, దానికేం పోయింది!

"తప్పు పెట్టెదయితే సరే. ఈమెదయితే ఒక్కతే పుట్టింటికి పోవాల. పిల్ల ఈడనే ఉంటాది. నా కొడుకును మింగినదాని చేతిలో మనవరాలిని పెట్టేదాన్ని కాదు," అంది నాగలక్ష్మమ్మ.

బిందుశ్రీ సరేనంది. తను స్విచ్చి ముట్టలేదు కదా, భయమెందుకు? పైగా చూసేవాడు రుద్రేశ్. సిరుగుప్పలో మోటార్లు చుట్టే షాపు అతనిది. రేడియో విద్య నేర్పింది మాణిక్యమే. సొంత తమ్ముడైనా అంత తిరగడు ఈ ఇంట్లో.

రుద్రేశ్ లోపల వరసగట్టిన డబ్బాలు చూపించాడు. "ప్లగ్గు పీకినా వీటిలో కరెంటు నిలబడి ఉంటాది పెద్దమ్మా. రెండు వేల వోల్టుల పైమాటే. దాన్ని దించేదానికని ఒక రెసిస్టరు ఉంటాది. అది సరిగ్గా ఉంటే బీడీ కాల్చేలోపల అంతా దిగిపోతాది. లేకుంటే పీకిన పెట్టె కూడా మనిషిని సంపుతాది."

బిందుశ్రీ ముఖం విప్పారింది. "అదే అయ్యింటాది! ఆయన ప్లగ్గు పీకి, బీడీ తాగి, ఎంటనే చెయ్యి పెట్టినాడు. నా కండ్లారా సూసినా."

మాణిక్యం పద్ధతే అది. గడియారం చూడడు, మీటరు చూడడు. ప్లగ్గు పీకి, స్టూలు మీద కూర్చుని ఒక బీడీ తాగేవాడు. బీడీ అయిపోతే కరెంటూ అయిపోయినట్టే.

"సూద్దాం," అన్నాడు రుద్రేశ్. "ముందు రవంత టీ పెట్టు వదినా. గొంతు ఎండుకపోయింది."

బిందుశ్రీ వంటింట్లోకి పోయింది. బయట పిల్ల రాజశ్రీ ఏడుస్తుంటే నాగలక్ష్మమ్మ లేచి వెళ్ళింది. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి గదిలో సోల్డరు పొగ వాసన.

"మీటరు వైర్లు అతికించినా," అన్నాడు. గ్లాసు అందుకుని, తాగకుండానే పక్కన పెట్టాడు.

"అన్న గుర్తొస్తాండాడా?" అంది బిందుశ్రీ జాలిగా. అతను తల ఊపాడు.

స్విచ్చి వేశాడు. ట్యూబులు ఎర్రగా వెలిగాయి. మీటరు ముల్లు రెండు వేలు దాటింది. ప్లగ్గు పీకి, ఇద్దరి ముందూ నేలమీద పెట్టాడు. మాణిక్యం కట్టలోంచే ఒక బీడీ తీసి వెలిగించాడు. ముల్లు దిగుతోంది. బీడీ సగం కూడా కాలలేదు, ముల్లు సున్నాకి వచ్చి ఆగింది. రుద్రేశ్ లోపల చెయ్యి పెట్టాడు. బిందుశ్రీ కెవ్వుమంది. అతనికేమీ కాలేదు.

"పెట్టెలో తప్పు లేదు పెద్దమ్మా."

"ఇన్న్యావేమే పాపిష్టిదానా!" నాగలక్ష్మమ్మ ఒక్క ఉదుటున పోయి పిల్లను చంకనెత్తుకుంది.

"ఇంగొక్కసారి సూడప్పా!" అంది బిందుశ్రీ. చూశాడు. మళ్ళీ సున్నాయే.

ఆమె గోడకు జారగిలబడింది. "ఆ పొద్దు గ్రైండరు ఏసినా రుద్రేశప్పా. యా స్విచ్చి నొక్కినానో ఏమో... ప్లగ్గు నేనే పీకింటినా? నేనే సంపుకున్నానేమప్పా ఆయన్ని?"

"ఏం జేస్తావులే వదినా. అన్న రాత."

మధ్యాహ్నం అతనే తన బండి మీద ఆమెను బస్టాండుకు తీసుకుపోయాడు. వీధి మలుపు దాకా పిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది. బస్సు ఎక్కుతూ బిందుశ్రీ వెనక్కి తిరిగి, "నువ్వైనా పిల్లను సూస్తాండప్పా," అని రెండు చేతులూ జోడించింది.

ఎండాకాలంలో ఆ రెసిస్టరు వల్లే పెట్టె మరీ వేడెక్కుతోందని, అన్నకు ఒక్క మాటైనా చెప్పకుండా దాన్ని కత్తిరించి తీసిందీ రుద్రేశే, ఇందాక వదిన టీ పెట్టేలోపల దాన్ని జేబులోంచి తీసి మళ్ళీ అతికించిందీ రుద్రేశే.