ముందు వరుసలో నవ్వని మనిషి

రేడియో స్టేషన్ హాల్లో ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఎంతకీ నవ్వడం లేదు.

అక్కడ జరుగుతున్నది నవ్వుల పంచాయితీ. అన్ని కాలాల్లోకీ గొప్ప హాస్యనటుడెవరో ఆ మధ్యాహ్నం తేల్చెయ్యాలి. శ్రోతలు ఓట్లేసి ఇద్దర్ని మిగిల్చారు. ఒకరు బొంగురు బాబాయి, ఇంకొకరు కీచు మామయ్య. ఒకప్పుడు ఇద్దరూ ఇదే హాల్లో జనం ముందు నాటికలు రికార్డు చేసినవాళ్ళే. ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి గొడవలు రావని ప్రొడ్యూసర్ ధీమా.

పెద్దాయన్ని కూతురే తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"పాత టేపులు వేస్తారని తెలిసినప్పట్నుంచీ నాన్నగారికి నిద్ర లేదండీ. ఒక్కసారి వినాలని ఆశ. ఆయనకి..."

"వింటారు లేమ్మా! టైమైపోతోంది," అన్నాడు ప్రొడ్యూసర్, మాట పూర్తికానివ్వకుండా.

ఆమె తండ్రి మెడచుట్టూ మఫ్లర్ సర్ది, స్కూలు నుంచి పాపను తీసుకురావడానికి వెళ్ళిపోయింది.

ఎర్రలైటు వెలగ్గానే వాదన మొదలైంది.

"బొంగురు బాబాయిని మించినవాడు పుట్టలేదు, పుట్టడు!" అంది అనౌన్సరమ్మ.

"ఆయన గొంతు వింటే జలుబు గుర్తొస్తుంది. కీచు మామయ్య నోరు తెరిస్తే చాలు, నవ్వు తన్నుకొచ్చేది," అన్నాడు తోటి అనౌన్సర్.

"ఎవరికి? మీ ఇంట్లోవాళ్ళకా?"

"టేపు వెయ్యండి. జనమే చెప్తారు."

టేపులో కీచు మామయ్య ఇంట్లో దొంగ పడ్డాడు.

"ఎవర్రా వంటింట్లో?"

"పిల్లినండీ."

"అలాగా! పాలు తాగేసి గిన్నెమీద మూత పెట్టి పో. లేకపోతే మా ఆవిడ నన్నంటుంది."

మఫ్లరు మాటున పెద్దాయన భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. దగ్గేమో అనుకున్నారు పక్కవాళ్ళు. ఆయన ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇంకా ఏదో రావాలన్నట్టు స్పీకరు వైపు చూశాడు.

ఏమీ రాలేదు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. మర్యాదకి ఇద్దరు ముగ్గురు ఇకిలించారంతే.

బొంగురు బాబాయి టేపు వేశారు. అదీ అంతే. మళ్ళీ పెద్దాయన వంగడం, ఎదురుచూడటం. ఈసారి కళ్ళు తుడుచుకున్నాడు.

గాజు గదిలోంచి ప్రొడ్యూసర్ అది చూశాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, జనం నవ్వకపోవడానికి ఆయనకో కారణం దొరికింది. పాట విరామంలో విసురుగా వచ్చాడు.

"ఏంటండీ, ఏడుపుగొట్టు ముఖం పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నారు? మిమ్మల్ని చూసి వెనకవాళ్ళకీ నవ్వు రావట్లేదు."

పెద్దాయన స్పీకరు చూపించాడు. చెవి చూపించాడు. తర్వాత తన గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు.

"వినబడటం లేదా? అయితే ఇంటికెళ్ళి రేడియో చెవికి ఆనించుకోండి. అసలు జన్మలో ఎప్పుడైనా నవ్వారా మీరు?"

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ మధ్యాహ్నం ఆ హాల్లో వినిపించిన అసలైన నవ్వు అదొక్కటే.

అటెండరు పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వరండాలో బెంచీమీద కూర్చోబెట్టాడు. ఆయన వెళ్ళాక కూడా జనం నవ్వలేదు. చివరికి ఇద్దరూ సమానమేనని ప్రకటించి చేతులు దులుపుకున్నారు.

"చిన్నప్పుడు వీటికే కదా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది!" అనౌన్సరమ్మ నీరుగారిపోయింది.

"టేపుల్లో జనం నవ్వులన్నీ తీసేశాను మేడం," అన్నాడు సౌండ్ ఇంజినీరు గర్వంగా. "ఆ గోలలో డైలాగులు సరిగ్గా వినపడేవి కావు. ఇద్దరి టేపుల్లోనూ ఒకడున్నాడు చూడండీ, కుక్కర్ కూత పెట్టినట్టు నవ్వేవాడు. ముందు వాడు మొదలెట్టేవాడు, ఆ తర్వాతే జనం అందుకునేవాళ్ళు. వాణ్ణి తుడిచెయ్యడానికి నా తలప్రాణం తోకకొచ్చింది."

నవ్వు నాలుగు విధాల చేటన్న మాటను ఇంత శ్రద్ధగా పాటించినవాడు ఇంకొకడుండడు.

"ఒరిజినల్ టేపులున్నాయా?" ప్రొడ్యూసర్ గొంతు తగ్గింది.

"బూజు పట్టాయి, తగలబెట్టెయ్యమన్నది మీరేగా సార్."

అప్పుడే పాప చెయ్యి పట్టుకుని పెద్దాయన కూతురు లోపలికి వచ్చింది.

"నాన్నగారిని బయట కూర్చోబెట్టారేంటండీ? కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు."

"ఆయన ఒక్కసారైనా నవ్వలేదమ్మా," అన్నాడు ప్రొడ్యూసర్.

"నవ్వినా మీకెలా వినపడుతుందండీ? జబ్బు చేసి ఆయనకి స్వరపేటిక తీసేశారు. అదే చెప్పబోయాను, మీరు చెప్పనిస్తేగా!"

సౌండ్ ఇంజినీరు మెడలోని హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు.

"ఆయన ముందు వరుసలో కూర్చుంటేగానీ మీ బాబాయీ, మామయ్యా మైకు ముట్టుకునేవారు కాదండీ. పోనీలెండి, అయిందేదో అయింది," అంది కూతురు.

ఆమె బ్యాగులోంచి ఫోను తీసింది.

"తాతయ్య నవ్వు ఎలా ఉంటుందో మా పాప ఎప్పుడూ వినలేదు, ఆ ఇద్దరి నాటికల్లోనూ అందరికన్నా ముందు నవ్వేది మా నాన్నగారే, ఆ ముక్క ఒక్కసారి వెయ్యండి, ఇందులో ఎక్కించుకుంటాను."