సొట్ట బిందె

"ఐబున్న యాటను ఎవరన్న అమ్మకిస్తరా? వాపసిచ్చి రా పో."

రుక్మిణమ్మ మాటకు భర్త యాదగిరి గుంజకు కట్టిన తాడు విప్పాడు. బోనాలకని తెచ్చిన మేకపోతు వెనక కాలు కొద్దిగా ఈడుస్తోంది. కొద్దిగానే. అయినా అమ్మవారికిచ్చేది ఏ ఐబూ, ఏ లోపమూ లేకుండా ఉండాలని ఆమె పట్టు.

తాడు పట్టుకుని గడప దాటబోతూ అతను ఆగాడు. "ఇంకో ముచ్చట. లీలమ్మ ముందటి పళ్ళు ఊగుతున్నయట. చిగుళ్ళ నిండ చీము. గంజి తాగి పంటున్నది. నీ మొక్కు అమ్మే తీరుస్తున్నది తియ్యి."

రుక్మిణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో లేదో అతనికి తెలియలేదు.

ఆ మొక్కు సంగతి ఉప్పుగూడలోని ఆ గల్లీకంతా తెలుసు. చాలా ఏళ్ళ కిందట నల్లా దగ్గర వరస కోసం లొల్లి అయింది. ఎదురింటి లీలమ్మ, రుక్మిణమ్మ చేతిలోని ఇత్తడి బిందెనే గుంజుకుని ఆమె మొహాన కొట్టింది. ముందరి పళ్ళు రెండు ఊడాయి. బిందె బండమీద పడి సొట్టపోయింది. నెత్తుటి నోటితోనే రుక్మిణమ్మ గుడికి వెళ్ళి, లీలమ్మ పళ్ళు రెండు రాలగొట్టి గడపలో పెడతానని అమ్మవారికి మొక్కుకుంది. అప్పటినుంచి తను పళ్ళు కట్టించుకోలేదు. బిందె సొట్ట తీయించలేదు. లీలమ్మ మాత్రం ఎదురుపడ్డప్పుడల్లా ఆ పళ్ళ సందు చూపిస్తూ, "దర్వాజ తెరిచిపెట్టి తిరుగుతున్నవేందే, దొంగలు పడతరు" అని నలుగురిలో నవ్వేది.

ఆ సాయంత్రం రుక్మిణమ్మ గుడిలో చాలాసేపు కూర్చుంది. ఇట్లాంటి మొక్కులు కూడా అమ్మ వింటుందా, వింటే ఏమనుకుంటుంది అని తొలిసారి అనుమానం వచ్చింది. లేచి నేరుగా లీలమ్మ ఇంటికే వెళ్ళింది.

"నడువు. శాలిబండల ఆఫ్షీన్ డాక్టరమ్మ ఉన్నది."

లీలమ్మ బిత్తరపోయింది. "నా పళ్ళు రాలుతుంటే సంబురపడాలె గని, ఇదేందే?"

"రాలనియ్య. ఒక్కటి గూడ రాలనియ్య."

పళ్ళ డాక్టరు ఆఫ్షీన్ చూసి, చిగుళ్ళ లోపల గాలి తగలని సందుల్లో క్రిములు చేరాయంది. కడుపులో నులిపురుగులకు వాడే పాత మందొకటి ఈ క్రిములనూ చంపుతుందేమోనని డెంటల్ కాలేజీలో పరీక్షిస్తున్నారట. ఒప్పుకుంటే చిగుళ్ళు శుభ్రం చేసి ఆ మందు లోపల పెడతారు. గ్యారంటీ మాత్రం ఇవ్వలేనంది.

కడుపు మందు నోట్లో ఎందుకని లీలమ్మ జంకింది. రుక్మిణమ్మ ఆగనివ్వలేదు. "పెట్టు డాక్టరమ్మా. దీని నోట్ల పురుగులున్నయని నాకెప్పటిసంది ఎరుకే."

ఆరోజు నుంచి ప్రతిసారీ తనే ఆటో ఎక్కించి తీసుకువెళ్ళింది. లీలమ్మ దగ్గర జర్దా పాన్ దొరికితే మోరీలో పారేసింది. రుక్మిణమ్మది దేవత మనసని గల్లీ అంతా అంది. యాదగిరి చాయ్ హోటల్లో అందరికీ గర్వంగా చెప్పుకున్నాడు. లీలమ్మ ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

మళ్ళీ ఆషాఢం, బోనాలు వచ్చాయి. పొద్దున్నే నల్లా దగ్గర లీలమ్మ బండమీద కూర్చుని, కాల్చిన మక్క కంకిని పటపటా కొరుకుతోంది.

"చూడక్కా, ఎట్ల కొరుకుతున్ననో. ఇగ ఫికర్ లేదన్నది డాక్టరమ్మ."

"నోరు తెరువు."

రుక్మిణమ్మ ఆమె ముందరి పళ్ళు రెంటినీ వేలితో ఊపి చూసింది. కదలలేదు.

"నొప్పున్నదా?"

"జర గూడ లేదు. రాళ్ళ లెక్కున్నయి. నీ పుణ్యమే అక్కా."

"ఏం ఐబు లేదు గదా?"

"ఏం లేదు."

రుక్మిణమ్మ గుడి వైపు తిరిగి కళ్ళు మూసుకుని దండం పెట్టింది.

తర్వాత సొట్ట బిందె ఎత్తింది.