ఎర్ర సంచిలో గవ్వలు

"నా దారిలో మొసళ్ళు, వాడి దారిలో మల్లెపందిళ్ళా? ఇదేం న్యాయం మేస్టారూ?"

పీరు అరుపుకి జిన్నింగు మిల్లు షెడ్డు దద్దరిల్లింది. పత్తి బోరాల మధ్య, నేల మీద సుద్దముక్కతో గీసిన కోట. దానికి అటు పీరు, ఇటు రామమూర్తి. మధ్యలో నాటకాల మేస్టారు చెంచురామయ్య.

పెదకాకాని తిరునాళ్ళలో వేసే నాటకానికి సేనాపతి ఎవరో ఈ ఆటే తేల్చాలి. ఏటా వేషాల కోసం తలలు పగులుతున్నాయని చెంచురామయ్యే దీన్ని కనిపెట్టాడు. ఆపద ఏమిటో ఆయన చెబుతాడు. ఎలా ఎదుర్కొంటాడో ఆటగాడు చెప్పి, తన సంచిలోని ఆరు గవ్వలు వేస్తాడు. ఆయన అడిగినన్ని వెల్లకిలా పడితే బతికినట్టు. లేకపోతే చచ్చినట్టు. ఎవరి సంచి వాళ్ళదే అయినా, ఆట లేనప్పుడు సంచులన్నీ మేస్టారి దగ్గరే ఉంటాయి. కోటలోకి ముందు అడుగుపెట్టినవాడికే కత్తీ, కిరీటమూ.

మూడు ఆదివారాల్లో ఆరుగురు చచ్చారు. డోలు వెంకయ్యనైతే మొదటి రోజే పులి తినేసింది. ఇక మిగిలింది వీళ్ళిద్దరే.

"ముందు వంతు నీదే కదరా. ద్వారం బద్దలు కొట్టాలంటే ఐదు పడాలి. వెయ్యి," అన్నాడు చెంచురామయ్య.

"మరి రామమూర్తికో?"

"అటువైపు కాపలావాడు కల్లు తాగి పడుకున్నాడు. రెండు చాలు."

"మొసళ్ళన్నారు, నాలుగు వేశాను. మరిగే నూనె పోశారు, ఐదు వేశాను. పాముల గది అన్నారు, ఆరుకి ఆరూ వేశాను. నా చేతి చలవ గొప్పది కాబట్టి బతికాను గానీ, మీరు నన్ను చంపాలని చూడని రోజేది? వాళ్ళ నాన్న తెరలూ, పెట్రోమాక్సు లైట్లూ ఇస్తున్నాడనేగా ఇదంతా?"

"మా నాన్న ఊసెత్తకు," అన్నాడు రామమూర్తి సన్నగా.

"అబ్బో, ఏం గొంతు! ఆ కేకకి శత్రువులు జాలిపడి వెనక్కి పోతారు," అన్నాడు వెంకయ్య.

అందరూ నవ్వారు. పీరు నవ్వలేదు. వేటపాలెం నుంచి మామ ఖాదర్ వలి రెండు బండ్లు కట్టించి చుట్టాలందర్నీ తీసుకొస్తున్నాడు. భార్య నసీమున్నీసా నెల రోజులు కూర్చుని సేనాపతికని ఎర్ర మఖమల్ కోటు కుట్టింది. ఇప్పుడు బల్లెం పట్టుకుని మూల నిలబడే భటుడి వేషం వేస్తే, ఆ ఇంట్లో మళ్ళీ తలెత్తుకోగలడా?

తన ఎర్ర సంచి విప్పి గవ్వల్ని పిడికిట్లోకి తీసుకున్నాడు. కోపం కొద్దీ గట్టిగా బిగించాడు. వేలికి ఏదో జిగటగా తగిలింది. చూస్తే మైనం.

"పీరూ, ఆగు!" చెంచురామయ్య గభాల్న లేచాడు.

అప్పటికే పీరు అందుకున్న తూకపు గుండు ఓ గవ్వ మీద పడింది. పెంకు చిట్లి, మైనంలోంచి చిన్న సీసం ముక్క దొర్లింది. జాలర్లు వలలకు కట్టే సీసం.

పీరు రామమూర్తి నీలం సంచి లాక్కుని అందులోంచీ ఒకటి పగలగొట్టాడు. లోపల గుల్ల తప్ప ఏమీ లేదు.

"చూశారా? వాడి గవ్వలు శుభ్రంగా ఉన్నాయి. నా వాటిల్లోనే సీసం!" పీరు నోట్లో మీరు పోయి నువ్వు వచ్చింది. "ఏం మేస్టారూ, మొసళ్ళు చాల్లేదా నీకు? సీసాన్ని కూడా ఎదిరించి ఇంతదాకా వచ్చానంటే, ఇంక మంచి గవ్వలిస్తే ఏమైపోయేవాళ్ళు మీరంతా?"

చెంచురామయ్య ముఖం పాలిపోయింది. రామమూర్తి వైపు ఓసారి చూసి, పీరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, నా మాట విను. మిగిలిన ఐదింటితోనే వెయ్యి. ఈ ఒక్కసారికి."

"ఆరుంటేనే ఐదు పడటం కష్టం. ఐదింటితో ఐదు వెయ్యాలా? అదీ సీసం గవ్వలతో?"

"నీ మంచికే చెబుతున్నానురా."

"నీ మంచి నీ దగ్గరే ఉంచుకో! వెంకయ్య మామా, నీ సంచి ఇటివ్వు."

చచ్చిన వెంకయ్య పసుపు సంచి మేస్టారి పక్క నుంచి తీసి అందించాడు. పీరు ఆ గవ్వల్ని ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూశాడు. అన్నీ గుల్లలే. రెండు చేతుల మధ్య గలగలలాడించి, కళ్ళు మూసుకుని వేశాడు.

ఒకటే వెల్లకిలా పడింది. ఐదు బోర్లా.



"ద్వారం పగల్లేదు. సేనాపతి పడిపోయాడు," అన్నాడు చెంచురామయ్య. ఆయన చూపు మాత్రం ఎర్ర సంచి మీదే ఉంది.

రామమూర్తి తనకు మిగిలిన ఐదూ వేశాడు. సరిగ్గా రెండు పడ్డాయి. లేచి చెక్కకత్తి అందుకుని, "ఎవరక్కడ?" అన్నాడు. పక్కనున్న వెంకయ్యకే సరిగా వినబడలేదు.

పీరు కళ్ళు నిప్పులు కురిశాయి. "చల్లగా ఉందా మేస్టారూ నీ కడుపు? సీసం పోసి నువ్వు చెయ్యలేని పని, నా చేత్తో నేనే చేసుకున్నాను. ఇదిగో, నీ దొంగ సరుకు నువ్వే దాచుకో!"

ఎర్ర సంచిలో మిగిలిన ఐదు గవ్వల్నీ ఆయన కాళ్ళ మీదికి విసిరికొట్టాడు. అవి బోరాలకు తగిలి, వెనక్కి దొర్లి, సుద్దకోట ద్వారం ముందు ఆగాయి.

చెంచురామయ్య తలవంచి వాటినే చూస్తున్నాడు. పీరు కూడా చూశాడు. వంగి, ఐదింటినీ ఏరి, మళ్ళీ వేశాడు.

మళ్ళీ ఐదుకి ఐదూ వెల్లకిలే.