హార్బరు మీద ఆకుపచ్చ ఆకాశం

అప్పలకొండకు ఒక పని చెబితే ఆ పని తప్ప అన్నీ చేస్తాడు. పెళ్ళయిన నాటి నుంచీ రాజ్యశ్రీ ఫిర్యాదు ఇదే. ఉత్తర ధ్రువం దగ్గర నార్వే ఆకాశంలో ఆడే వెలుగులు బొమ్మగా వెయ్యమని ఫోన్లో చూపిస్తే, మొగుడు ముందుగా క్రేన్లు, ఓడ గీసి కూర్చున్నాడు.

"ఇది నార్వే రేవా, విశాఖ హార్బరా?"

"నాకు తెలిసిన హార్బరు అదొక్కటే కదేటి. మన గనిలో తవ్విన రాయంతా అక్కడికే పోతాది."

"పోటీకి ఇచ్చిన అంశం 'చూడని చోటు' అండీ."

"అయితే చూడని ఆకాశం పైనేస్తాన్లే."

కిరండూల్ ఇనుపగనుల కాలనీ క్లబ్బులో పోటీ అంటే ఆషామాషీ కాదు. పోయినేడు మొదటి బహుమతి పక్క క్వార్టర్ లలిత వాళ్ళింటికి వెళ్ళింది. ఆ కప్పు వాళ్ళ కిటికీలోంచి రాజ్యశ్రీ వంటగదికేసి ఏడాదిగా చూస్తోంది. ఈసారి అది గోడ దాటి రావలసిందే.

అందుకే డైనింగ్ టేబుల్ అప్పలకొండకు వదిలేసింది. తడి కాగితం మీద గనుల ఎర్రదుమ్ము పడకుండా కిటికీలు మూసింది. రంగు తొందరగా ఆరిపోతుందని ఫ్యానూ ఆపింది. అతను చెమటలు కక్కుతూ ఆకుపచ్చ రంగు దించి, కాగితం అంటించిన అట్టను నిలువుగా ఎత్తాడు. రంగు తెరలు తెరలుగా జారింది.

"ఆపండి, ఓడ మీదకొచ్చేస్తోంది."

"ఓడ మీద వెలుగు పడదేటి? నీకంత తెలిస్తే నువ్వెయ్యి."

రాజ్యశ్రీ టీ పెట్టడానికి లేచింది.

గోడ అవతల లలిత గొంతు వినబడింది. రంగు పల్చగా కలపమని మొగుడు కమలేష్ మీద కేకలేస్తోంది.

"ఆయనకీ సుఖం లేదు పాపం," అన్నాడు అప్పలకొండ.

బొమ్మ ఆరింది. నల్లటి నీళ్ళలో క్రేన్ల నీడలు, వాటి మధ్య వణుకుతున్న ఆకుపచ్చ వెలుగు. వేసినవాడే రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. సంతకం పెట్టబోతే రాజ్యశ్రీ బ్రష్ లాక్కుంది.

"పేరు వెనకాల నేను రాస్తాలెండి. మీ అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి."

ఆదివారం క్లబ్బు హాల్లో బొమ్మలకు నంబర్లు మాత్రమే కనబడేలా పెట్టారు. జగదల్‌పూర్ నుంచి వచ్చిన డ్రాయింగ్ మేడమ్ ఏడో నంబరు హార్బరు బొమ్మ ముందు ఆగిపోయింది. మొదటి బహుమతి దానికేనంది. చప్పట్ల మధ్య లలిత ముఖం చూద్దామని రాజ్యశ్రీ వెనక్కి తిరిగింది.

"ఈ ఆకాశం ఎలా వేశారో ఇక్కడే ఒకసారి అందరికీ వేసి చూపించండి," అని మేడమ్ కాగితం, నీళ్ళు, బ్రష్ బల్ల మీద పెట్టించింది.

అప్పలకొండ కుర్చీలోంచి కదల్లేదు. వెనక వరసలో కమలేష్ కూడా ఎందుకో తల దించుకున్నాడు. మేడమ్ మళ్ళీ నంబరు పిలిచింది.

రాజ్యశ్రీ మెల్లగా లేచి నిలబడి, "తప్పయిపోయింది మేడమ్, ఆడవాళ్ళ పోటీ అని తెలిసే మా ఆయన చేత వేయించాను," అంది.